ఒక్క ఊపిరి వెనక

"ఎన్నాళ్ల నుంచి?" అని ఆయన మళ్లీ అడిగాడు.

కంచంలో కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. ఎండ నడినెత్తిన ఉండగా కళ్లజోళ్ల దుకాణం మూసి ఇంటికొచ్చిన పాపాన ఆయన ఏనాడూ పోలేదు. ఇవాళ వచ్చాడు. వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా బల్ల ముందు కూర్చుని, ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుని వేలాడుతున్నాడు.

పెద్దకోడలు భర్త ముఖంలోకి చూసింది. చూసిందన్న మాటే గానీ, సూటిగా చూస్తే ఆమెకు ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మసక తప్ప ఏమీ ఉండదు. చుట్టూ ఉన్నవన్నీ తెలుస్తాయి, భుజాలు, కుర్చీ చేతులు, వెనక కిటికీ రెక్క. ఏది చూడాలనుకుంటే అది మాత్రం మాయమైపోతుంది. అందుకని తల కాస్త పక్కకు వాల్చి ఓరగా చూసింది. అప్పుడు ముఖం మసగ్గా దొరికింది. చెవులు కందిపోయి ఉన్నాయి. కోపమొచ్చినా ఏడుపొచ్చినా ఆయనకు ముందు కందేది చెవులే. రెండిట్లో ఇప్పుడు వచ్చిందేదో ఆమెకు అంతుపట్టలేదు.

పొద్దున జరిగింది తలుచుకుంటే నవ్వాపుకోవడం కష్టం, నవ్వితే మాత్రం ఇవాళ ఆ ఇంట్లో బతికి బట్టకట్టలేం. రేడియోలో పొద్దుటి వార్తలు చదివేది పెద్దకోడలే. వీధిలో అందరికీ ఆమె వార్తలమ్మ. ఆ వార్తలమ్మ ఇవాళ వంతెన మరమ్మతుల గురించి చదివి, అదే గాంభీర్యంతో, గొంతు ఇసుమంతైనా మారకుండా, "బ్యాటరీ పది శాతం మాత్రమే ఉంది, ఛార్జర్ తగిలించండి" అని కూడా చదివేసింది.

వంటింట్లో రేడియో వింటున్న అత్తగారు గబగబా లేచి వెళ్లి తన ఫోను ప్లగ్గులో పెట్టింది. మా కోడలు ఊరికే చెప్పదు కదా, ఏదో ఉండే ఉంటుందని.

దుకాణంలో కథ వేరుగా నడిచింది. అక్కడ రోజూ భార్య గొంతుతోనే షట్టరు లేస్తుంది. ముక్కు మీద కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్న పెద్దమనిషి ఒకడు, "ఏమండీ, మీ ఆవిడ బ్యాటరీ మీద నడుస్తోందా?" అన్నాడు. అందరూ నవ్వారు. మర్యాద కోసం ఈయనా నవ్వాడు. నవ్వి, పక్కకి వెళ్లి స్టేషనుకు ఫోన్ చేశాడు. న్యూస్ ఎడిటరు ఎత్తి, ఆవిడకు తెర మీద అక్షరాలు కనబడటం లేదు కదండీ, చెవిలో వింటూ చదువుతోంది, మీకు తెలియదా అన్నాడు.

కళ్లజోళ్లు అమ్మేవాడిని పట్టుకుని అడిగిన మాట అది.

ఆ ఎడిటరే పొద్దున పెద్దకోడలితో ఇంకో మాట కూడా అన్నాడు. సాయంత్రం బులెటిన్ కూడా ఆమెనే చదవమన్నాడు. అది సాఫీగా సాగితే రేపటి నుంచి మళ్లీ ఆమెదే మైకు. మళ్లీ ఏదైనా దొర్లితే ఇక వార్తలు వద్దు, పాటల లైబ్రరీకి మారిపోవాలి, అక్కడ రికార్డులు సర్దుకుంటూ నెమ్మదిగా ఉండొచ్చన్నాడు. ఆయన కోపంగా అనలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"అడిగేది నిన్నే," అన్నాడు భర్త.

"కొన్ని నెలల నుంచి," అంది ఆమె.

"మరి మొన్న ఇచ్చిన జోడు పెట్టుకుని బాగా కనిపిస్తోందన్నావు."

"అన్నాను."

"అంతకుముందు దానికి?"

"దానికీ అన్నాను."

ఆయన చెయ్యి కంచం అంచు మీద ఆగిపోయింది. వంటగది గుమ్మంలో నిలబడ్డ చిన్నకోడలు, అంటే ఆయన తమ్ముడి భార్య, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. తమ్ముడు పని మీద ఊళ్లు పట్టి తిరిగే మనిషి, ఇవాళా ఇంట్లో లేడు. అతనే ఉంటే ఏదో ఒక వేళాకోళం ఆడి ఈ బిగువును కాస్త సడలించేవాడు.

"బావగారూ, తప్పు నాది," అంది చిన్నకోడలు. ఆ చదివే ప్రోగ్రామును అక్క లాప్‌టాప్‌లో పెట్టింది తనేననీ, అడ్డమైనవన్నీ చదవకుండా దాని నోరు కట్టేశాననుకుందనీ, బ్యాటరీ సంగతి మాత్రం మర్చిపోయిందనీ చెప్పుకొచ్చింది. రోజూ రాత్రంతా ప్లగ్గులోనే ఉండి నిండేది కాబట్టి అదొకటి మాట్లాడుతుందని ఇద్దరికీ తెలియనే తెలియదు. నిన్న కూడా అక్క దాన్ని ప్లగ్గులో పెట్టే పడుకుంది.

"పెట్టింది, నేను చూశాను," అంది అత్తగారు. "ప్లగ్గు పెట్టింది ఇది. స్విచ్చు కట్టేసింది నువ్వు. పడుకోబోయే ముందు ఇల్లంతా గస్తీ తిరిగి కనబడ్డ స్విచ్చల్లా కట్టేసేది నేనా?"

ఆయన తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీకూ తెలుసా?"

అత్తగారికి అప్పుడు తెలిసింది తను నోరు జారానని. ఆమె చప్పున మంచినీళ్ల గ్లాసు ఎత్తి, దాహం లేకపోయినా తాగింది.

అంటే ఇంట్లో ఆయన ఒక్కడికే తెలియదు. అందరికంటే ముందు తెలియాల్సిన మనిషికి.

ఆయన గొంతు పెంచలేదు. ఉద్యోగం మానెయ్యమన్నాడు. ఊరంతా నవ్వుతుంటే వినడం తనవల్ల కాదన్నాడు. ఇంట్లో ఉంటే తను చూసుకుంటాననీ, దేనికీ లోటు రానివ్వననీ అన్నాడు. అన్నీ మంచి మాటలే. ఒక్కొక్కటీ ఆమె గుండెలో ముల్లులా దిగింది.

"మీరు చూసుకుంటారని నాకు తెలుసు," అంది పెద్దకోడలు. "నాకు కావలసింది అది కాదు. ఆ మైకు ముందు కూర్చుంటే నేను నేనులా ఉంటాను. అది పోతే నా దగ్గర ఇంకేం మిగలదు."

"మరి నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"కొత్త జోడు తయారైన ప్రతిసారీ మీరే నా చెవుల మీద పెట్టి ఎలా ఉందని అడుగుతారు. అప్పుడు మీ ముఖం నాకు కనబడదు. మీరు ఊపిరి బిగబట్టడం మాత్రం వినబడుతుంది. పని చెయ్యలేదని ఎలా చెప్పమంటారు?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అత్తగారు కంచం తీస్తూ, ముద్ద కలిపి వదిలేసి వెళ్లడం వాళ్ల నాన్న పోలిక అని గొణుక్కుంది.

పెద్దకోడలికి ఏడుపు రాలేదు. చిన్నకోడలికి మాత్రం ముక్కు చీదుకోవడంతోనే సరిపోయింది. ఆమె తలమీద చెయ్యి వేసి నిమురుతూ కూర్చుంటే, ఒకప్పుడు ఇద్దరికీ మాటల్లేని రోజులు గుర్తొచ్చాయి పెద్దకోడలికి. వంటింటి అలమరాలో ఏ అర ఎవరిదన్న పేచీ అది. తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆ అర కోసం అత్తగారి ద్వారా కబుర్లు పంపుకున్నారు ఇద్దరూ, ఒకే గదిలో నిలబడి.

చిన్నకోడలిది ఇంటి నుంచి చేసే పని. డాక్టర్లు తాము చూసిన రోగుల వివరాలు మాట్లాడి రికార్డు చేసి పంపుతారు, ఈమె చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని అది వింటూ టైపు చేస్తుంది. వాళ్ల దగ్గూ తుమ్మూ తప్ప అన్నీ టైపైపోతాయి. చెవికీ వేళ్లకీ మధ్య ఆమెకు ఇక అడ్డం లేదు. అందరికంటే ముందు ఆ పిల్లే కనిపెట్టింది. అక్క గ్లాసు పక్కన నీళ్లు పోయడం చూసింది, ఎవరితో మాట్లాడినా వాళ్ల చెవి వైపు చూడటం గమనించింది. ఎవరితోనూ అనలేదు. ఒకరోజు తోడొస్తాను పద అని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చూపుకు నడిబొడ్డున ఉండే చోటు దెబ్బతింది, ఇది అద్దాలతో సర్దుకునేది కాదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం అన్నాడాయన. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయిన పెద్దకోడలి పక్కన తనూ కూర్చుంది. అలమరా అర సంగతి ఆ మెట్ల మీదే తేలిపోయింది, ఒక్క మాట అనుకోకుండా.

మొదట తెర మీద అక్షరాలను పెద్దవి చేసింది. నల్లటి తెర, పసుపు అక్షరాలు, ఒక్కొక్కటీ అరచేయంత. కొన్నాళ్లు అదే దేవుడిచ్చిన వరంలా ఉంది. తర్వాత అక్షరం ఇంకా పెంచాల్సి వచ్చింది, పెంచితే లైనులో రెండు మాటలే పట్టేవి. వార్త అన్నాక ఆగి ఆగి చదివితే వినేవాడు ఊరుకుంటాడా? అప్పుడు చిన్నకోడలు ఒక ఇయర్‌ఫోను తెచ్చి, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే ప్రోగ్రాము పెట్టింది. దాని గొంతు వింటే ఎక్కడలేని నీరసం వచ్చేది. పెళ్లి కబురైనా పిడుగు పడ్డ కబురైనా దానికి ఒకటే. పెద్దకోడలు దానికి చిలక అని పేరు పెట్టింది.

వినడం ఒక ఎత్తు, వింటూనే చదవడం ఇంకో ఎత్తు. వాక్యం అయ్యేదాకా ఆగి చెబుదామంటే ఈలోగా తర్వాతది నెత్తిన పడేది. చిన్నకోడలే కిటుకు చెప్పింది.

"విన్నాక చెప్పకు అక్కా, వింటూ చెప్పు. నేను చెవిలో పడ్డదాన్ని వేళ్లకి పంపిస్తాను, నువ్వు నోటికి పంపించు. ఒక్క ఊపిరి వెనక ఉంటే చాలు. ముందుకు పరిగెత్తకు, మరీ వెనకబడకు."

ఆ ఒక్క ఊపిరి కోసం నెలల తరబడి సాధన చేశారు. కూరలు తరుగుతూ చిన్నకోడలు ఏది పడితే అది మాట్లాడేది, పెద్దకోడలు వెనకే అనేది. టీవీలో ఎవరు మాట్లాడినా వెనకే అనేది. ఒకనాడు అత్తగారు పనిమనిషి రాలేదని సణుగుతుంటే, అలవాటు మీద అదీ వెనకే అనేసింది. పెద్దావిడ ఉగ్రరూపం దాల్చింది. వెక్కిరిస్తున్నావా అని నిలదీస్తే ఇక సంగతంతా చెప్పక తప్పలేదు. విన్నాక అత్తగారు, సరే ఇంకోసారి అంటాను, ఈసారి సరిగ్గా అను అని, మళ్లీ మొదటినుంచి సణిగింది.

ఇవన్నీ తలుచుకుంటే పెద్దకోడలికి కడుపు నిండినట్టు ఉంటుంది. పోతున్న చూపు కాదు ఆమె లెక్క, ఆ దారిలో దొరికిన మనుషులు. సొంత చెల్లెలు ఉన్నా ఇంత చేసేది కాదేమో. ఆ చిలకమ్మ మీద కూడా ప్రేమ పుట్టుకొచ్చింది. అలసట లేకుండా, విసుగు లేకుండా, అడిగినన్నిసార్లు చదివిపెట్టేవాళ్లు మనుషుల్లో ఎంతమంది?

భర్తతో మాత్రం చెప్పలేకపోయింది. రేపు రేపు అనుకుంటూ ఇంతదాకా తెచ్చుకుంది.

సాయంత్రం ఇద్దరూ స్టేషనుకు బయల్దేరారు. చిన్నకోడలు తన పనికి సెలవు పెట్టి మరీ వచ్చింది. పట్టుకున్నట్టు కనబడకుండా మోచెయ్యి పట్టుకుని నడిపించడం ఆ పిల్లకు బాగా వచ్చు. స్టూడియోలోకి వెళ్లి లాప్‌టాప్ బల్ల మీద పెట్టి తెరిచాక ఛార్జరు కోసం సంచి తడిమారు. మధ్యాహ్నపు గొడవ హడావుడిలో ఛార్జరు ఇంట్లో ప్లగ్గుకే వదిలేసి వచ్చారు. బ్యాటరీ సగం ఉంది, బులెటిన్‌కు సరిపోతుంది. అయినా ఎడిటరు ఆ సంగతి విని కనుబొమలు ఎత్తాడట. చిన్నకోడలు ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు కొడుక్కి చేసింది. స్విచ్చు కట్టేసిన చేత్తోనే పట్టుకెళ్లి ఇచ్చిరమ్మందట. ఆ మాట వాళ్లకు తర్వాత తెలిసింది.

ఆయన వచ్చేసరికి స్టూడియోలో ఎర్ర దీపం వెలిగే ఉంది. లోపలికి వెళ్లడానికి లేదు. అద్దం ఇవతల కంట్రోల్ రూములో చిన్నకోడలి పక్కన ఒక స్టూలు మీద కూర్చున్నాడు, ఛార్జరు ఒళ్లో పెట్టుకుని.

లోపల పెద్దకోడలికి ఇదేమీ తెలియదు. ఎడమ చెవిలో చిలక, ఎదురుగా మైకు, పక్క మైకు దగ్గర అవసరమైతే అందుకోవడానికి సిద్ధంగా ఇంకో న్యూస్ రీడరు. కొండదారిలో చరియలు విరిగిపడి స్కూలు బస్సు ఒకటి చిక్కుకుపోయిన వార్త మొదటిది. పిల్లల సంగతి ఇంకా తెలియలేదన్న మాట దగ్గర ఆమె గొంతు కాస్త బరువెక్కింది. తర్వాత నీటి సరఫరా, తర్వాత ఆటలు. మాట మాటకీ చిలక ముందు, తను వెనక. ఎక్కడా తడబడలేదు. ఆఖరి వార్త మీదికి వచ్చేసరికి వీపు మీద చెమట ఆరింది.

అద్దం ఇవతల అప్పుడే ఫోను మోగింది. పెద్దకోడలికి తర్వాత చిన్నకోడలు పూసగుచ్చినట్టు చెప్పింది గానీ, మనం ఇప్పుడే చెప్పుకుందాం. ఆఖరి నిమిషంలో వచ్చిన వార్తను ఎడిటరు కాగితం మీద రాసి లోపలికి పంపడం ఆ స్టేషను పద్ధతి. ఆయన రాశాడు. రాసి, పక్క మైకు ఆవిడకు ఇద్దామని తలుపు వైపు నడిచాడు. ఆవిడ చదివిందంటే ఇక చెప్పేదేముంది, వార్తలమ్మ ఒక్కతే బులెటిన్ నెగ్గుకురాలేదని రుజువైపోతుంది.

చిన్నకోడలు అడ్డంపడి కాగితం లాక్కుంది. లోపలి లాప్‌టాప్‌లో ఉన్న ఫైలే ఇక్కడ ఆమె ముందున్న కంప్యూటరులో కూడా తెరిచి ఉంది, ఇక్కడ ఎక్కిస్తే అక్కడ చిలక చదువుతుంది. తీరా చూస్తే ఎడిటరు చేతిరాత కోడిగీతలు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇలా తే," అన్నాడు కళ్లజోళ్లాయన. పొద్దున లేస్తే డాక్టర్ల చీటీలు చదివి అద్దాలు చేసేవాడు, ఆయనకు ఇదో లెక్కా? ఆయన చదువుతుంటే చిన్నకోడలు వింటూ టైపు చేసింది. చెవిలో పడ్డది పడ్డట్టు వేళ్లు పరిగెత్తాయి.

లోపల పెద్దకోడలు ముగింపు మాటకు సిద్ధపడుతుండగా చిలక ఆగకుండా కొత్త వార్త అందుకుంది. "ఇప్పుడే అందిన వార్త," అని చెబుతూనే ఆమెకు అర్థమైంది ఎవరో తనకోసం దీన్ని తెర మీదికి తెచ్చారని. బస్సులో ఉన్న పిల్లలందరినీ సహాయ సిబ్బంది బయటికి తీసుకొచ్చారు. ఎవరికీ గాయాలు కాలేదు. ఆమె గొంతులో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

"పిల్లలందరూ క్షేమంగా తల్లిదండ్రుల దగ్గరికి చేరుకున్నారు," అంది చిలక. వెనకే ఆమె. "ఇన్నేళ్లూ," అంది చిలక.

"ఇన్నేళ్లూ," అంది పెద్దకోడలు.

చిలక దాని ధోరణిలో అది చదువుకుపోతోంది. "ఇన్నేళ్లూ తన గొంతు విన్నాను గానీ తను చదువుతుంటే ఎప్పుడూ చూడలేదమ్మా. నా అద్దాలు పనికిరావని చెప్పడానికి కూడా భయపడేలా చేశాను. ఎంత కష్టపడిందో చూడు."

కాగితం చదవడం పూర్తిచేసి, అద్దంలోంచి భార్యను చూస్తూ ఆయన పక్కనున్న చిన్నకోడలితో గొణిగినట్టు అన్న మాటలవి. చిన్నకోడలి వేళ్లకు వార్తేదో వ్యథేదో తెలియదు, గొంతు ఆగేదాకా అవి ఆగవు. ఆ గొంతులోని వణుకంతా పోగొట్టి, నీటి సరఫరా వార్తలా చదివింది చిలక. అయినా పెద్దకోడలికి ఆ మాటలు ఎవరివో తెలియకపోతుందా?

ఆమె ఆగిపోయింది. ఊరంతటికీ నిశ్శబ్దం వినిపిస్తోంది. పక్కావిడ చెయ్యి తన మైకు మీటను వెతుక్కోవడం ఓరచూపుకు తెలుస్తోంది. నోట్లోంచి వెళ్లిపోయిన మాటను వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

"ఇన్నేళ్లూ ఓపికగా మా వార్తలు వింటున్న మీ అందరికీ కృతజ్ఞతలు," అంది ఆమె. "వార్తలు ఇంతటితో సమాప్తం. నమస్కారం."

దీపం ఆరింది. ఆమె చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

తలుపు తోసుకుని ముందు ఎడిటరు వచ్చాడు, వెనక చిన్నకోడలు, ఆ వెనక ఇంకెవరో. కాసేపట్లో కంట్రోల్ రూములో ఫోన్లు మోగడం మొదలైంది. వార్తలమ్మ సెలవు తీసుకుంటోందా, ఇదే ఆఖరి బులెటినా అని జనం అడుగుతున్నారట. చిన్నకోడలి ఫోనూ మోగింది. అత్తగారు. ఏడుస్తూ, నాకు చెప్పకుండా మానేస్తావుటే అని అడుగుతోంది.

"ఆ కృతజ్ఞతలు నేను రాయలేదే," అన్నాడు ఎడిటరు. "అంతసేపు ఎందుకు ఆగారు?"

నిజం చెబితే ఇంటి మాట స్టేషన్లో పడుతుంది. చెప్పకపోతే తప్పు తనది, రేపటి నుంచి పాటల లైబ్రరీ. పెద్దకోడలు ఏదీ తేల్చుకోలేక నోరు తెరవబోయింది.

"అది నేనన్న మాటండీ," అంది వెనకనుంచి భర్త గొంతు. "నా నోటి దురద. పొరపాటున తెర మీదికి వెళ్లింది. ఆవిడ తప్పేం లేదు."

అంత పెద్దమనిషి పరాయివాళ్ల ముందు అలా ఒప్పుకుంటాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. మధ్యాహ్నం నుంచి గుండె మీద కూర్చున్న బరువు దిగిపోయింది. ఎడిటరు లోపలికీ బయటికీ చూసి, మోగుతున్న ఫోన్ల వైపు తల తిప్పి, చివరికి నిట్టూర్చాడు. ఇంతమంది అడుగుతుంటే ఈవిడను లైబ్రరీకి పంపి తను వీధిలో తిరగలేనన్నాడు. అయితే రేపు పొద్దున కూడా కాగితం వస్తే రావచ్చు. బయటివాళ్లు కంట్రోల్ రూములో కూర్చోవడం ఇవాళ్టితో సరి. దానికేదో దారి మీరే చూసుకోండి అనేసి ఫోనెత్తడానికి వెళ్లాడు.

అత్తగారిని సముదాయించడానికి చిన్నకోడలు వసారాలోకి వెళ్లింది. స్టూడియోలో మొగుడూ పెళ్లాం మిగిలారు. ఆయన ఛార్జరు బల్ల మీద పెట్టాడు, అదొక్కటే పని ఉన్నట్టు దాని తీగ సరిచేశాడు.

మొన్నామధ్య కొత్తరకం జోళ్లు అమ్ముతూ దుకాణానికి ఒకడొచ్చాడని చెప్పుకొచ్చాడు. ఫ్రేముకు చిన్న కెమెరా ఉంటుందట, కాగితం ముందు పెడితే చెవిలో చదివి వినిపిస్తుందట. కళ్లజోళ్ల దుకాణంలో వినే జోళ్లు ఎందుకయ్యా అని తనే పంపించేశాడట. వాడి నంబరు ఉంది. ఇప్పుడే వెళ్తే రాత్రికి తెప్పించవచ్చు. ఈ కోడిగీతలను అది చదువుతుందో లేదో మాత్రం తనకు తెలియదన్నాడు.

"పని చెయ్యకపోతే?" అంది ఆమె.

"చెయ్యలేదని చెప్పు. నా మొహం మీదే చెప్పు."

పెద్దకోడలు తన కళ్లజోడు తీసి, వెతుక్కుని ఆయన అరచేతిలో పెట్టింది. కిందటి వారమే ఆయన చేసిచ్చిన జోడు అది.

"ఇది కూడా పని చెయ్యడం లేదండీ," అంది.

ఆయన వేళ్లు దాని మీద ముడుచుకున్నాయి. ఆమె తల పక్కకు వాల్చి చూడబోయి, ఎందుకో చూడలేదు. ఆయన ఏమంటాడా అని వింటూ కూర్చుంది.